ఉప్పుగాలి ఊళ్లో పాత పద్మినిని ఇంటి దగ్గరే చూసుకోవడం ఎలా

పాత కారు చేతికి రాగానే అందరూ ముందు బానెట్ ఎత్తుతారు. మీరు వైజాగ్‌లో ఉంటే ముందు మ్యాట్లు ఎత్తండి. డ్రైవర్ కాళ్ల దగ్గరి రబ్బరు మ్యాట్ తీసి, దాని కింద గోనెపట్టా లాంటి పొర ఉంటే అదీ తీసి, అరచెయ్యి రేకుకి ఆనించి చూడండి. చెమ్మగా తగిలితే మీ పని అక్కడే మొదలు. ఇంజను సంగతి తర్వాత.

మాది 1989 ప్రీమియర్ పద్మిని. నాన్నగారు నడిపిన కారు, ఆయన తర్వాత నా చేతికి వచ్చింది. చినవాల్తేరులో మా ఇంటి నుంచి సముద్రానికి నడిచి పోవచ్చు. మొదట్లో నేనూ అందరిలాగే కార్బురేటర్ విప్పి, ప్లగ్గులు మార్చి, పాలిష్ పెట్టి సంబరపడ్డాను. గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా ఇవే బళ్లు చూస్తున్న మేస్త్రీ, కారు కింద టార్చి వేసి చూసి ఒకటే మాట అన్నాడు: "బాబూ, ఇంజను పోతే ఇంకోటి తెచ్చి ఎక్కించుకుందుం. ఫ్లోరు పోతే ఏటి సేస్తాం?"

ఆయన మాట అక్షరాలా నిజం. పద్మిని అంటే ఇటలీ వాళ్ల ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో 1964 నుంచి తయారై, 1974 నుంచి పద్మిని పేరుతో నడిచి, 2001 దగ్గర ఆగిపోయింది. లారీకీ జీపుకీ ఉన్నట్టు దీనికి విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద పెట్టెల్లా ముందు నుంచి వెనక్కి పోయే భాగాలు (మేస్త్రీలు రన్నింగ్ బోర్డ్ అంటారు), స్తంభాలు, అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒళ్లే బరువు మోస్తుంది. అందుకే ఈ బండికి తుప్పు పడితే పోయేది అందం ఒక్కటే కాదు, ఎముకలు. అంబాసిడర్, ప్రీమియర్ వాళ్లదే ఇంకో కారు 118 ఎన్ఈ, కార్బురేటర్ మారుతి 800 ఉన్నవాళ్లకి కూడా కింద చెప్పేదాంట్లో చాలావరకు పనికొస్తుంది. కొలతలు మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఉన్నవే తీసుకోండి.

తుప్పు ఎక్కడుందో వెతకడం

ఒక ఆదివారం పొద్దున్న దీనికోసమే పెట్టుకోండి. కావలసినవి ఒక టార్చి, ఒక పాత స్క్రూడ్రైవర్, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, ఒక చాక్‌పీసు.

సీట్లు విప్పి బయట పెట్టండి. పద్మినిలో నాలుగు బోల్టులు తీస్తే ముందు సీటు వచ్చేస్తుంది. నేల అంతా ఊడ్చి, స్క్రూడ్రైవర్ పిడితో కొడుతూ పోండి. బాగున్న రేకు టంగుమంటుంది. చెడిన రేకు ముద్దగా, అట్ట మీద కొట్టినట్టు పలుకుతుంది. ముద్దగా పలికిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీసి, అప్పుడు మొనతో గట్టిగా నొక్కండి. మా కారులో క్లచ్ పెడల్ కింద నొక్కితే స్క్రూడ్రైవర్ సగం దాకా దిగిపోయింది. బయటికి తీస్తే మొనకి కాఫీపొడి లాంటి ఎర్రటి పొడి అంటుకుని ఉంది, ఆ కంత లోంచి కింద సిమెంటు గచ్చు కనపడింది. భయపడకండి, ఇప్పుడు తెలియడమే మంచిది.

తర్వాత ఇవి చూడండి: బ్యాటరీ కూర్చునే పళ్లెం, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట, హెడ్‌లైట్ల వెనక గిన్నెలు, జాకీ పెట్టే చోట్లు, వెనక లీఫ్ స్ప్రింగులు ఒంటికి బిగిసే చోట్లు. చివరి రెండూ చెడి ఉంటే అవి బాగయ్యే దాకా కారు రోడ్డెక్కించొద్దు. తలుపుల అడుగున చిన్న కంతలుంటాయి, కిటికీ లోంచి దిగిన వాననీళ్లు పోవడానికి. దుమ్ముతో అవి మూసుకుపోతే తలుపు లోపల నీళ్లు నిలిచి అడుగునుంచి తింటాయి. సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. పోర్టు వైపు, వైజాగ్ పాతనగరం వైపు ఉండేవాళ్లకి ఈ పని ఇంకా ముఖ్యం. అక్కడ గాలిలో వచ్చే నల్లటి దుమ్ము మూలల్లో పేరుకుని చెమ్మని పట్టి ఉంచుతుంది.

అయస్కాంతం పుట్టీ కోసం. రంగు మీద మెల్లగా జరుపుతూ పోతే, ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. ఈ పాఠం నాకు డబ్బు పోసి తెలిసింది. ఒక షెడ్డులో వెనక మడ్‌గార్డుకి ప్యాచ్ వేయమని ఇస్తే, తుప్పు తియ్యకుండా దాని మీదే పుట్టీ మెత్తి, చక్కగా రంగు కొట్టి ఇచ్చారు. చూడ్డానికి కొత్తకారులా ఉంది. ఒక్క వానాకాలం గడిచేసరికి రంగు కింద బుడగలు లేచాయి, వేలితో నొక్కితే పెచ్చు ఊడొచ్చింది. అప్పటి నుంచి ఎవరికి పని ఇచ్చినా పుట్టీ పెట్టక ముందు, రేకు బయట ఉన్నప్పుడు ఒకసారి వెళ్లి చూసి, ఫోటో తీసుకుంటాను. మీరూ అలాగే చెయ్యండి. మంచి మేస్త్రీ దానికేమీ అనుకోడు, పైగా దగ్గరుండి చూపిస్తాడు.

నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తెలుసుకోకుండా నేల బాగుచేస్తే మళ్లీ అదే కథ. ఒకరిని లోపల టార్చితో కూర్చోబెట్టి, బయటి నుంచి ముందు అద్దం రబ్బరు మీద పైపుతో నెమ్మదిగా నీళ్లు పోయండి. పది నిమిషాలు పట్టినా ఓపిక పట్టండి. పాత బళ్లలో సాధారణంగా అద్దం కింది మూలల్లోంచి చుక్క మొదలై, డ్యాష్‌బోర్డు వెనక నుంచి జారి మ్యాట్ కింద చేరుతుంది. రబ్బరు గట్టిపడి పగుళ్లు ఉంటే సీలెంట్ పూసి నెట్టుకు రావద్దు, కొత్త రబ్బరు వేయించండి.

తుప్పు తీయడం

పైపైన పట్టినదైతే మీరే చేసుకోవచ్చు. కంత పడితే వెల్డింగ్‌కే వెళ్లాలి. మధ్యలో ఇంకో దారి లేదు.

పైపై తుప్పుకి వైర్ బ్రష్, తర్వాత 80 నంబరు గరుకు కాగితం వాడి తెల్లగా మెరిసే రేకు వచ్చేదాకా రుద్దండి. గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి, వాటికోసమే రస్ట్ కన్వర్టర్. అందులో ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లం మిగిలిన తుప్పుని గట్టి నల్లటి పొరగా మారుస్తుంది. డబ్బా మీద రాసినంత సేపు ఆరనిచ్చి, జింక్ ప్రైమర్ రెండు పూతలు, అతుకుల దగ్గర సీమ్ సీలర్, ఆపైన రంగు. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

రుద్దిన రోజునే ప్రైమర్ కొట్టేయండి, ఇది మాత్రం మరిచిపోవద్దు. ఒకసారి సాయంత్రం దాకా రుద్ది, అలిసిపోయి, పొద్దున్న కొడదాంలే అని వదిలేశాను. తెల్లారి చూస్తే మెరిసిన రేకంతా పసుపు చల్లినట్టు అయింది. మన గాలికి ఒక్క రాత్రి చాలు. అందుకే చేతనైనంత మేరకే, ఒక చదరపు అడుగు చొప్పున మొదలుపెట్టి ముగించండి. నెలల్లో డిసెంబరు, జనవరి మంచివి, మంచు ఆరాక పది గంటల తర్వాత మొదలుపెట్టాలి. ముసురు పట్టిన రోజున ప్రైమర్ డబ్బా మూత తియ్యనే వద్దు.

కంతలకి కొత్త రేకు కత్తిరించి సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు అండతో తీగ కరిగించి చేసేది) చేయించండి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకరపోతుంది. వెల్డింగ్‌కి పంపే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డిక్కీ వైపు పని అయితే పెట్రోల్ ట్యాంకు దింపించాల్సిందే. రన్నింగ్ బోర్డ్ కోసేటప్పుడు రెండు వైపులా ఒకేసారి కోయనివ్వద్దు. తలుపులు బిగించే ఉంచి, కారుకి కింద సరిగ్గా ఆసరా ఇచ్చి, ఒక పక్క పూర్తయ్యాకే రెండోది. లేకపోతే ఒళ్లు కుంగి, తర్వాత తలుపు పడదు.

అన్నీ అయ్యాక, పెట్టెల్లాంటి భాగాల్లోకి నీళ్లు పోయే కంతల గుండా పొడవాటి గొట్టం ఉన్న క్యావిటీ వ్యాక్స్ స్ప్రే చెయ్యండి. వెల్డింగ్ తర్వాతే సుమా, ముందు కొడితే వెల్డింగ్ వేడికి మైనం మండుతుంది. వాడేసిన ఇంజను ఆయిల్‌లో డీజిల్ కలిపి కారు కింద కొట్టించే అలవాటు మన దగ్గర పాతది. నేను వద్దంటాను. బుష్షులు, బ్రేకు గొట్టాలు లాంటి రబ్బరంతా ఉబ్బిపోతుంది, మిగిలింది మట్టిలోకి కారుతుంది. తుప్పు మీద దళసరి నల్ల తారు కోటింగ్ కొట్టించినా ప్రమాదమే, కింద తుప్పు దాక్కుని హాయిగా పెరుగుతుంది.

కడగడం గురించి ఒక మాట

బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చినా, తుపాను గాలి వీచినా కారు పైభాగం కాదు, కిందిభాగం కడగాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక నేను చెట్ల కొమ్మలు తీసి పైన శుభ్రంగా కడిగి, అంతటితో ఊరుకున్నాను. మడ్‌గార్డుల లోపల, అతుకుల్లో ఇరికిన ఉప్పు అక్కడే ఉండిపోయింది. తర్వాత నాలుగేళ్లకి రెండు రన్నింగ్ బోర్డులూ మార్చాల్సి వచ్చింది. అప్పుడే ఒక అరగంట పైపు పట్టుకుని కింద కడిగి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు.

నీళ్లు ఏవన్నది కూడా చూసుకోండి. సముద్రానికి దగ్గరున్న కొన్ని బోర్లలో నీళ్లే ఉప్పగా ఉంటాయి. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. ఉప్పగా ఉంటే కారుకి కుళాయి నీళ్లే వాడండి. ఇక కవరు సంగతి: ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల ఉక్కపోసి చెమ్మ పట్టేస్తుంది. గాలాడే గుడ్డ కవరు, పైన షెడ్డు రేకు, రెండూ ఉంటే అంతకు మించింది లేదు.

కారు కింద దూరే ముందు

జాకీ ఎత్తడానికి మాత్రమే. ఎత్తాక జాక్ స్టాండ్లు (కారుని మోసి నిలబెట్టే ఇనప కాళ్లు) పెట్టి, కారుని చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు ఎంత గట్టిగా కనపడినా చెప్పకుండా పగులుతాయి. పైగా తుప్పు పట్టిన చోట స్టాండ్ పెడితే అది ఒంట్లోకి దూసుకుపోతుంది. నేల దిట్టంగా, సమంగా ఉండాలి, నేల మీద మిగిలిన చక్రాలకి ముందూ వెనకా చెక్కలు వెయ్యాలి. ఇంట్లో ఎవరికైనా "కారు కింద ఉన్నా" అని చెప్పి దూరండి.

పానాలు ఖరీదైనవి అక్కర్లేదు కానీ నట్టుకి సరిగ్గా పట్టాలి. పద్మినికి మిల్లీమీటరు సైజులే, 8 నుంచి 19 దాకా రింగు పానాలు ఉంటే చాలావరకు సరిపోతుంది. తుప్పు పట్టి బిగుసుకున్న నట్టుకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి.

పెట్రోల్: ఇప్పుడు వచ్చేది మన బండి నాటిది కాదు

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పద్మిని తయారైన రోజుల్లో ఆ రబ్బరు గొట్టాలు దీనికోసం చేసినవి కావు. ఇథనాల్ వాటిని మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. ఇంజను వేడి మీద పెట్రోల్ చెమ్మగిల్లితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఎంత బాగున్నట్టు కనపడినా పాత పెట్రోల్ గొట్టాలన్నీ ఒక్కసారే మార్చేయండి. కొత్తవి కొనేటప్పుడు గొట్టం మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉందో లేదో చూడండి. ఆ రకానికి లోపలి పొర ఇథనాల్‌కి తట్టుకుంటుంది. మామూలు మీటరు లెక్కన అమ్మేది వద్దు. ట్యాంకు నుంచి పెట్రోల్ లాగే పంపులో డయాఫ్రమ్ (కదిలే పల్చటి పొర), కార్బురేటర్ గాస్కెట్లు కూడా ఇప్పుడు దొరికే కొత్త కిట్లతో మార్చండి.

డయాఫ్రమ్ చిరిగిందని ఎలా తెలుస్తుంది? డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన కొట్టి, ఆయిల్ మట్టం ఉండాల్సిన దానికన్నా పైకి ఉంటే పెట్రోల్ ఇంజనులోకి కారుతున్నట్టు. ఆ ఆయిల్‌తో బండి నడపొద్దు.

ఇథనాల్ చెమ్మని పీల్చుకుంటుంది. మన ఊరి గాలిలో సగం ఖాళీ ట్యాంకుతో నెలరోజులు నిలబెడితే అడుగున నీళ్లు చేరి ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. బండి తియ్యని రోజుల్లో ట్యాంకు నిండా ఉంచండి, పది పదిహేను రోజులకోసారి బాగా వేడెక్కేదాకా తిప్పండి. పాత ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న జిగురు కూడా ఇథనాల్‌కి వదులుతుంది, అందుకని మొదటి కొన్ని నెలలు ఇన్‌లైన్ ఫిల్టర్ (పెట్రోల్ గొట్టం మధ్యలో ఉండే వడపోత) తరచూ మార్చుకోవాలి.

ఇంకొకటి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో (కార్బురేటర్‌లో పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న కంత ఉన్న ముక్క) గాలి, పెట్రోల్ మిశ్రమం పల్చబడుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, మన కార్బురేటర్ సర్దుకోలేదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక్క క్షణం తటపటాయించడం, ఎత్తు ఎక్కేటప్పుడు డొక్కుమనడం, ప్లగ్గు మొన తెల్లగా ఉండడం దాని గుర్తులు. ముందు గాలి ఎక్కడా దొంగతనంగా దూరడం లేదని చూసుకుని, అప్పటికీ ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించండి. జెట్ కంతని తీగతో పొడిచి పెద్దది చెయ్యొద్దు, మెత్తటి ఇత్తడి, మళ్లీ లెక్కకి రాదు.

మే నెల మధ్యాహ్నం జగదాంబ సెంటర్ ట్రాఫిక్‌లో పద్మిని ఉన్నట్టుండి ఆగిపోతే అది చాలాసార్లు పంపులో పెట్రోల్ మరిగి ఆవిరి పట్టడమే. పాత డ్రైవర్లు తడిగుడ్డ వేసి కాసేపు ఆగేవాళ్లు. ఇప్పటికీ అది పనిచేస్తుంది, డిక్కీలో ఒక గుడ్డ, నీళ్ల సీసా ఉంచుకోండి. గుడ్డ పంపు మీదా గొట్టం మీదా మాత్రమే వెయ్యాలి, కాలుతున్న మానిఫోల్డ్ (ఇంజనుకి బిగించిన పొగ గొట్టం) మీద నీళ్లు పడకూడదు. శాశ్వతంగా కావాలంటే గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పి, పంపుకి మానిఫోల్డ్‌కి మధ్య చిన్న అల్యూమినియం రేకు అడ్డం పెట్టించండి.

పాయింట్లు సరిచేయడం

ఇంట్లో నేర్చుకోవాల్సిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. అరగంటలో అయిపోతుంది, బండి స్వభావమే మారిపోతుంది.

ముందు ప్లగ్గు తీగల మీద 1, 2, 3, 4 అని టేపు అంటించండి. మంట క్రమం, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది) మూతకున్న రెండు క్లిప్పులు తీసి, మూత పక్కన పెట్టి, రోటరు పైకి లాగండి. లోపల రెండు చిన్న లోహపు బొడిపెలు ఒకదానికొకటి తగులుతూ కనపడతాయి, అవే పాయింట్లు, అవి తెరుచుకున్న క్షణమే ప్లగ్గుకి నిప్పురవ్వ అందుతుంది. ప్లగ్గులు నాలుగూ విప్పేస్తే ఇంజను తేలిగ్గా తిరుగుతుంది. కింద పుల్లీ నట్టుకి పానా వేసి, ఇంజను మామూలుగా తిరిగే వైపే తిప్పండి. మధ్య కడ్డీకి నాలుగు మూలలుంటాయి. పాయింటు మడమ సరిగ్గా ఒక మూల మీదకి ఎక్కి, పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపండి.

పాయింట్ల ముఖాలు చూడండి. బూడిదరంగులో సమంగా ఉంటే మంచిది. ఒకదాని మీద గుంట, ఇంకోదాని మీద మొటిమ ఉంటే మార్చండి. కొత్తవి వేసిన కొద్ది రోజులకే మళ్లీ అలా కాలితే తప్పు పాయింట్లది కాదు, కండెన్సర్‌ది. అదీ మార్చాలి.

ఇప్పుడు ఫీలర్ గేజ్‌లో 0.45 మిల్లీమీటరు బ్లేడు తీసి, ఆయిల్ మరక లేకుండా తుడిచి, మధ్యలో దూర్చండి. ఆయిల్ ఉంటే పాయింట్లు కాలిపోతాయి. బ్లేడు లాగితే పుస్తకం పేజీల మధ్య నుంచి కాగితం లాగినంత పట్టు ఉండాలి. లేకపోతే పాయింటు స్క్రూ కాస్త వదులు చేసి, పక్కనున్న గాడిలో స్క్రూడ్రైవర్ తిప్పి సర్ది, బిగించండి. బిగించేటప్పుడు అది జరుగుతుంది, అందుకని మళ్లీ కొలవాలి. నేనైతే ఎప్పుడూ మూడోసారికి గాని సరిగ్గా పెట్టలేను. మధ్య కడ్డీ మూలలకి కందిగింజంత గ్రీజు పూయండి, అంతకన్నా ఎక్కువ వద్దు. ప్లగ్గుల గ్యాపు 0.6 మిల్లీమీటరు పెట్టి బిగించండి.

పాయింట్ల గ్యాపు మారితే టైమింగ్ (నిప్పురవ్వ పుట్టే వేళ) కూడా మారుతుంది. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. కాబట్టి అది కూడా చూడాలి. 12 వోల్టుల చిన్న బల్బు ఒక తీగ కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి పోయే చోట, ఇంకో తీగ ఇంజను రేకుకి పెట్టి, తాళం ఆన్ చేసి, పుల్లీ నెమ్మదిగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. అప్పుడు పుల్లీ మీది గుర్తు మాన్యువల్ చెప్పిన చోట ఉండాలి. లేకపోతే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసి, కొద్దిగా తిప్పి సరిచేయండి. అంతా అయ్యాక తాళం ఆఫ్ చెయ్యడం మరవొద్దు, అలాగే వదిలేస్తే కాయిల్ కాలిపోతుంది.

చల్లదనం

ఈ ఇంజను దిమ్మ ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో సున్నం పడుతుంది, హెడ్ లోపల తినేస్తుంది. ఒకసారి బాగా వేడెక్కితే హెడ్ వంగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి, రెండేళ్లకోసారి మార్చండి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యొద్దు. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలకి, పిల్లలకి అందకుండా చూడండి.

"వైజాగ్ ఎండకి థర్మోస్టాట్ ఎందుకు సార్, తీసేద్దాం" అనే సలహా మీకూ వస్తుంది. ఒప్పుకోకండి. థర్మోస్టాట్ అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే మూత. అది లేకపోతే ఇంజను సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆ చల్లటి ఇంజను తొందరగా అరుగుతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది. బాగుందో లేదో పొయ్యి మీదే చూడొచ్చు. పాత గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని దారంతో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు పెట్టి కాచండి. 80 నుంచి 90 డిగ్రీల మధ్య నోరు తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. ఆ గిన్నె తర్వాత వంటకి వాడొద్దు.

అరకు వెళ్లాలనుకుంటే అనంతగిరి ఘాటుకి ముందు ఫ్యాను బెల్టు, రేడియేటర్ పై కింది గొట్టాలు, దాని రెక్కలు చూసుకోండి. 900 మీటర్లకి పైగా ఎత్తుకి లాగాలి. కింది గొట్టం నొక్కితే మెత్తగా కూలిపోతే పైకి వెళ్లకండి.

బ్రేకులు

నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. బ్రేకు ఆయిల్ కూడా చెమ్మ పీలుస్తుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, చెమ్మ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. సింహాచలం కొండ దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ఆ వేడి వస్తుంది, పెడల్ నేలకి దిగిపోతుంది. దిగేటప్పుడు రెండో గేరులోనే దిగండి, బ్రేకు ఆయిల్ ఏడాదికోసారి మార్చండి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్ము ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో మూటకట్టి పారేయండి. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ మెల్లగా ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే కిట్ మార్చాలి. గోడలకి గుంటలు పడితే సిలిండరే మార్చాలి.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ దగ్గర మా అమ్మాయి కూర్చుంటుంది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలు: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, చివర్లో కుడి ముందు. బ్లీడర్‌కి (చక్రం వెనక ఉండే, గాలి వదిలే స్క్రూ) పారదర్శకంగా ఉండే గొట్టం తొడిగి, రెండో కొస బ్రేకు ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి.

"తొక్కమ్మా."

"తొక్కా నాన్నా."

"పట్టుకో, వదలకు." బ్లీడర్ తెరిస్తే బుడగలతో ఆయిల్ వస్తుంది, పెడల్ దిగుతుంది. మూసేశాక "ఇప్పుడు వదులు."

మూయక ముందు పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, ఆ వరస ఒక్కటి తప్పకూడదు. బుడగలు ఆగేదాకా ఇలాగే. మధ్యమధ్య పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూ ఉండండి. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి, రంగు లేచిపోతుంది.

మిగిలినవి

కరెంటు తంటాలు మన ఊళ్లో ఎక్కువ భాగం ఎర్తింగువే. లైటు మసకగా వెలిగినా, ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మినుకుమన్నా, బల్బు మార్చే ముందు ఎర్త్ తీగ బిగించిన చోట విప్పి, రేకు మెరిసేదాకా గీకి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. ఇంజనుకీ ఒంటికీ మధ్య జడలా అల్లిన తీగ ఒకటి ఉంటుంది, దాన్ని మరవకండి.

ఇంజను ఆయిల్ 20 డబ్ల్యూ 40 మినరల్ వాడండి, డిప్‌స్టిక్ చూస్తూ పోయండి. ఎక్కువ తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి. ముందు సస్పెన్షన్‌లో గ్రీజు నిపుల్స్ ఉంటాయి. పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గన్ను కొట్టండి, మూడు నాలుగు నెలలకోసారి.

సామాన్లకి గాజువాక ఆటోనగర్ తర్వాత విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్ చూడండి. బొంబాయి నలుపు పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఈ సామాన్లకి గిరాకీ నిలబెట్టింది అవే కాబట్టి, కనపడినప్పుడే అద్దం రబ్బర్లు, బ్రేకు కిట్లు, డిస్ట్రిబ్యూటర్ మూత ఒక్కోటి అదనంగా కొని దాచుకోండి. కాగితాల విషయానికొస్తే 15 ఏళ్లు దాటాక రిజిస్ట్రేషన్ ఐదేసి సంవత్సరాలకి కొత్తగా చేయించుకోవాలి. గడువు తేదీ గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

పనంతా అయ్యాక ఒక ఆదివారం పొద్దున్న ఆరింటికి భీమిలి దాకా తీసుకెళ్లండి. రుషికొండ దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది. అద్దాలు దించి, రేడియో కట్టేసి, శబ్దం వినండి. ఒక చోట ఆగి నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచేతి వెనక వైపు దగ్గరగా పెట్టి వేడి చూడండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టు. కారు కింద కాగితం పరిచి పది నిమిషాలు ఆగి, ఏ చుక్క ఎక్కడ పడిందో చూడండి.

ఇంటికి రాగానే ఇంజను చల్లారనిచ్చి, పైపు పట్టుకుని నాలుగు మడ్‌గార్డుల లోపలా, నేల కిందా కుళాయి నీళ్లతో కడగండి. నేలలో ఉన్న రబ్బరు బిరడాలు తీసి, తలుపులన్నీ తెరిచి గాలికి వదిలేయండి. మ్యాట్లు ఆ రోజంతా డాబా మీదే ఉండనివ్వండి. సాయంత్రం అరచెయ్యి రేకుకి ఆనించి, పొడిగా తగిలాకే మళ్లీ వెయ్యండి.